పాత ఎస్టీమ్ రేసు బండితో మొదటి ట్రాక్ డే, కడప నుంచి బయల్దేరుతున్నాం, సలహాలు చెప్పండి

సీమ_ఎస్టీమ్ (కడప)
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నేనూ, ప్రొద్దుటూరులో ఉండే మా బావమరిదీ కలిసి తమిళనాడు నుంచి ఒక పాత మారుతి ఎస్టీమ్ కొన్నాం. ఇంటి బండి కాదు, ఒకప్పుడు రేసుల్లో తిరిగింది. లోపల డ్రైవర్ సీటు, రోల్ కేజ్ (బండి బోర్లా పడితే కాపాడే ఇనుప పైపుల చట్రం), ఒక ఫైర్ సిలిండర్, అంతే. ఏసీ లేదు, కార్పెట్ లేదు, డోర్లకు అద్దాల బదులు ప్లాస్టిక్ షీట్లు, రోడ్డు మీద తిప్పడానికి కాగితాలు కూడా లేవు. వచ్చే నెల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో, అదే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉండేది, అక్కడ ఒక ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలుకునే రోజుకి, పేర్లిచ్చాం. ఒకే బండి, వంతులేసుకుని తోలాలి. హైవే మీద చేయి తిరిగిందే గానీ ట్రాక్ మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఇంజన్‌కి ఏమైనా పని చేయించాలా? ఎన్ని నిమిషాల్లో రౌండ్ కొడితే పరువు దక్కుతుంది? మా నాయన బండి చూసి "ఎద్దుల పందేలకు పొలం అమ్మినోడి మనవడివి, నువ్వు ఇంకెట్లా ఉంటావులే" అని లోపలికి పోయినాడు. మీరైనా మంచి మాట చెప్పండి.

గేర్‌బాక్స్_కర్నూలు
ముందు ఆ పరువు మాట తీసెయ్ అన్నా. ట్రాక్ డే అంటే రేసు కాదు, నీ టైము అడిగే వాళ్ళెవరూ ఉండరు. అది 3.717 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు, మొదటి రోజు ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో గుర్తుపెట్టుకోవడానికే సగం పొద్దు పోతుంది. ఇంజన్ జోలికి పోవద్దు. ఆ 1298 సీసీ ఇంజన్ మన దేశంలో రేసుల్లో నలిగినంతగా ఇంకోటి నలగలేదేమో, ఫార్ములా ఎల్‌జీబీ అనే ఒంటి సీటు రేసు బండ్లలో వాడేది కూడా మారుతి 1300 ఇంజనే. ఆయిల్ బాగుండి, వేడెక్కకుండా ఉంటే చాలు. చేతిలో ఉన్న డబ్బంతా బ్రేకులకు పెట్టు.
బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో నీకు అమ్మినోడికి కూడా తెలిసుండదు, కాబట్టి మొత్తం తీసేసి కొత్త డాట్ 4 పోయించు. డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 కొత్తది 230 దాకా తట్టుకుంటుంది. ఇవి కనీస లెక్కలు. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన డాట్ 4 అయితే 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు, పెడల్ తొక్కితే మెత్తగా నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. టౌన్లో ఏడాదంతా తోలినా రాని వేడి అక్కడ నాలుగు రౌండ్లలో వస్తుంది. సీల్ తీయని డబ్బానే కొను, షాపులో సగం వాడి మూత పెట్టింది ఇస్తే తీసుకోవద్దు.

అనంత_బుల్లెట్
ట్రాక్ దాకా ఎందుకు బ్రో. తెల్లారి నాలుక్కి ఎన్‌హెచ్ 44 ఎక్కితే పెనుకొండ దాకా ఖాళీ. ముందు అక్కడ ప్రాక్టీస్ చేసి పో 😎

నల్లమల_రైడర్ (నంద్యాల)
పెట్టేశాడు మళ్ళీ. అసలు ఆయన బండికి కాగితాలే లేవన్నాడు, నువ్వు చదవకుండానే రాస్తావు. ఆ టైములో హైవే మీద లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి, డివైడర్ పక్కన గేదెలు ఉంటాయి, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో ఉంటుంది. ట్రాక్‌కి డబ్బు కట్టేదే ఎదురు బండి రాకుండా ఉండటానికి, తప్పిపోతే పక్కన ఖాళీ జాగా ఉండటానికి, అంబులెన్స్ స్టార్ట్ చేసి పెట్టుకుని ఉండటానికి. పైగా నేరుగా 140లో పోవడం డ్రైవింగ్ నేర్చుకోవడం ఎట్లా అవుతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అనంత_బుల్లెట్
సరే అక్కా, తీసేస్తా. అందరూ ఒక్కసారి మీద పడొద్దు.

డిపో_మాజీ
అబ్బీ, నేను ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి రిటైరైనవాణ్ణి, రేసుల గురించి పెద్దగా తెలీదు. బ్రేకుల గురించి ఆ కర్నూలు అబ్బాయి రాసింది చదివి ఒక మాట చెప్పాలనిపించింది. నువ్వు శ్రీపెరుంబుదూరుకు రాయచోటి, చిత్తూరు మీదుగా పోతే తిరిగొచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాటు దిగాలి. అక్కడ ఎన్ని లారీలు పోయినాయో మన జిల్లాలో అందరికీ తెలుసు. కొత్త డ్రైవర్ ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తియ్యడు, కొంచెం కొంచెంగా నొక్కిపెట్టే ఉంచుతాడు. లైనర్లు ఎర్రగా కాలి వాసన వస్తుంది, తర్వాత ఎంత తొక్కినా పట్టదు. పాత డ్రైవర్ ముందే చిన్న గేరులో వేసుకుని, వేగం పెరిగినప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కి, పూర్తిగా వదిలేస్తాడు. ఆ వదిలిన టైములోనే డ్రమ్ము చల్లబడేది. మీ ట్రాక్‌లో కూడా ఇదే అయ్యుంటుందని నా లెక్క, తప్పైతే చెప్పండి.

గేర్‌బాక్స్_కర్నూలు
తప్పెక్కడ పెద్దాయనా, ట్రాక్‌లో ఇన్‌స్ట్రక్టర్ మొదట చెప్పేది అదే. నేరుగా ఉన్నప్పుడే గట్టిగా, తక్కువ సేపు. ఒక్కటే తేడా, మలుపు తిప్పడం మొదలుపెట్టే టైముకి మెల్లగా వదలాలి, టక్కున వదిలితే ముందుకు వంగి ఉన్న బండి ముక్కు ఒక్కసారి పైకి లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు తగ్గిపోతుంది.
సీమ అన్నా, టైరు పట్టును జేబులో ఉన్న రూపాయి అనుకో. బ్రేకుకు ఎనభై పైసలు ఖర్చు పెడితే మలుపుకు మిగిలేది ఇరవయ్యే. రెండింటికీ ఎనభై ఎనభై అడిగితే బండి నీ మాట వినదు. నీది ముందు చక్రాలు లాగే బండి కాబట్టి ఎక్కువ స్పీడుతో తిప్పితే ముక్కు బయటికి, నేరుగా పోతుంది. అప్పుడు భయపడి యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసేస్తే బరువంతా ముందుకొచ్చి వెనక భాగం తేలికై తిరిగిపోతుంది. ఖాళీ చేసిన ఎస్టీమ్‌కు వెనక అసలు బరువే ఉండదు, ఇది బాగా గుర్తుపెట్టుకో.

మెకానిక్_అనంత
షెడ్డులో పని మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఇంజన్, బ్రేకుల సంగతి చెప్పేశారు, మిగతాది నేను చెప్తా. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే నంబర్ చివర నాలుగంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రెడ్ నిండుగా కనిపించినా రబ్బరు రాయి అయిపోయుంటుంది, గోరు దిగకపోతే పనికిరాదు. రేసు నుంచి బయటికొచ్చిన బండికి సామాన్యంగా ఇదే రోగం, షెడ్డులో ఏళ్ళు నిలబడి టైరు కొత్తగా కనిపిస్తుంది.
తర్వాత సీటు బెల్టు. రేసు బెల్టు మీద కుట్టిన లేబుల్ ఉంటుంది, ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ రేసుల సంస్థ) ఒప్పుకున్న బెల్టు అయితే ఏ ఏడు దాకా చెల్లుతుందో దాని మీదే రాసుంటుంది, సాధారణంగా తయారీ నుంచి 5 ఏళ్ళు. ఎండకీ చెమటకీ ఆ పట్టీ దారం బలం పోతుంది, చూడ్డానికి ఏమీ తెలియదు. రోల్ కేజ్ పైపులు నీ తలకు దగ్గరగా వచ్చే చోట గట్టి ప్యాడింగ్ ఉందో లేదో చూడు. ఒక్కటి మాత్రం ఖాయం, కేజ్ ఉన్న బండిలో హెల్మెట్ లేకుండా, బెల్టు బిగించకుండా షెడ్డు చుట్టూ కూడా తిప్పొద్దు. ఇనుప పైపుకు తల తగిలితే కేజే నిన్ను చంపుతుంది.
ఆయిల్ గేజీలో పై గీత దాకా ఉంచు, దాన్ని దాటకుండా. పొడుగాటి మలుపులో ఆయిలంతా చాంబర్‌లో ఒక పక్కకు పోతుంది, తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. బ్యాటరీ కదులుతోందా, కరెంటు మొత్తం ఆపేసే కిల్ స్విచ్ పని చేస్తోందా, ముందూ వెనకా లాగడానికి కొక్కెం ఉందా, వీల్ నట్లు టార్క్ పానాతో బిగించారా. ప్రతి సెషన్ తర్వాత నట్లు మళ్ళీ చూడాలి, వేడికి లూజవుతాయి.

సీమ_ఎస్టీమ్ (కడప)
మస్తుగా చెప్పారందరూ, థాంక్స్. పొద్దున పోయి లేబుల్ చూశా మెకానిక్ అన్నా, బెల్టు గడువు తీరి చాన్నాళ్ళైంది. అమ్మినాయన "కొత్త బెల్టు సార్" అని గుండె మీద చేయి వేసుకుని చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పోనీలే, కొత్తది తెప్పిస్తున్నా. టైర్లు కూడా. ఇప్పటికే బండి ధరలో పావు వంతు వీటికే పోయింది.
ఇంకో రెండు. నా బైక్ హెల్మెట్ సరిపోతుందా? ఒకవేళ బండి గోడకు కొడితే ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా?

పాలసీ_బాబు
రాదు. నీ బండికి పాలసీనే లేదు కాబట్టి అసలు రాదు, ఉన్నా రాదు. మామూలు కార్ పాలసీ కాగితంలో వాడకం పరిమితులు అని ఉంటుంది చూడండి, అందులో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, పేస్ మేకింగ్ అన్నీ మినహాయించి ఉంటారు. ఇది ఇంటి కారు తీసుకెళ్ళే వాళ్ళకు మరీ ముఖ్యం, లోన్ మీద ఉన్న కారును ట్రాక్‌లో కొట్టుకుంటే ఈఎంఐ కట్టాల్సిందే, కారు ఉండదు. ట్రాక్ వాళ్ళు పొద్దున్నే సంతకం పెట్టించుకునే కాగితం కూడా చదివి పెట్టండి, గార్డ్ రైలుకు డ్యామేజీ చేస్తే ఎవరు కట్టాలో అందులో ఉంటుంది.

నల్లమల_రైడర్ (నంద్యాల)
హెల్మెట్ సంగతి: నిర్వాహకుల్ని అడుగు, కొంతమంది బైక్ ఫుల్ ఫేస్‌కి ఒప్పుకుంటారు. కానీ కార్ రేసు హెల్మెట్ వేరు, స్నెల్ (హెల్మెట్లు పరీక్షించే సంస్థ) ఎస్ఏ అని రాసి ఉండేదాని లోపలి గుడ్డ మంటకు తట్టుకునేది. ఎం అని ఉండేది బైకులది, దానికి ఆ మంట పరీక్ష లేదు. బట్టలు మొత్తం కాటన్, ఫుల్ చేతులు. పాలిస్టర్ జెర్సీ వేసుకుని ఫోటోలకు పోజులివ్వొద్దు, అది కాలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. బూట్లు పలుచటి అడుగువి, లావు స్పోర్ట్స్ షూతో పెడల్ తెలియదు.
నేను కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో బైక్‌తో దిగినప్పుడు చూసింది ఏందంటే, కొత్తవాళ్ళు లైన్ (మలుపులో బండి పోవాల్సిన దారి) నేర్చుకుంటారు గానీ జెండాలు నేర్చుకోరు. పసుపు ఊపితే ముందు ఏదో అయిందని, స్పీడు తగ్గించాలి, ఎవర్నీ దాటకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, మెల్లగా పిట్‌కి (ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటుకి) రావాలి, అక్కడే బ్రేక్ కొట్టి నిలబడిపోతే వెనకోడు గుద్దుతాడు. నీలం అంటే వెనక స్పీడు బండి వచ్చింది. పసుపు ఎరుపు చారలైతే రోడ్డు మీద ఆయిలో నీళ్ళో ఉన్నాయని. నలుపు నీకే చూపిస్తే నువ్వు లోపలికి రావాలి, దాని మధ్యలో నారింజ గుండ్రం ఉంటే నీ బండికి ఏదో ఊడిందనో కారుతోందనో అర్థం. గళ్ళ జెండా చూడగానే గీత మీద బండి ఆపేసి చేతులు ఊపే వాళ్ళు కూడా ఉన్నారు, టీవీ ప్రభావం. అది పడ్డాక ఒక రౌండ్ మెల్లగా, బ్రేకులు చల్లారేలా తోలి లోపలికి రావాలి. వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, కాలిన డ్రమ్ములకు లైనర్లు పట్టేస్తాయి. గేరులో పెట్టి చక్రం కింద ఒక రాయి పెట్టు.

ఓర్వకల్లు_రాయి
నా అభిప్రాయం వేరే. మొదటిసారికే సొంత రేసు బండి అనవసరం. లారీ బాడుగ, టైర్లు, బెల్టు, స్పేర్లు, అన్నీ నీ నెత్తినే. అదే డబ్బుతో రేసింగ్ స్కూల్లో వాళ్ళ బండి, వాళ్ళ ఇన్‌స్ట్రక్టర్‌తో పొయ్యుంటే నేర్చుకునేది ఎక్కువ ఉండేది. పాడైతే వాళ్ళే చూసుకుంటారు.

మెకానిక్_అనంత
స్కూల్ మంచిదే, కాదనను. కానీ స్కూల్ బండి తోలినోడికి బోల్టు ఎక్కడ లూజైందో తెలియదు. ఈయన నట్టు నట్టూ చూసుకుంటున్నాడు, అదీ చదువే.

ఓర్వకల్లు_రాయి
మీ షెడ్డుకు గిరాకీ కాబట్టి అట్లే అంటారు 🙂

డిపో_మాజీ
రేసులంటే మా కాలంలో షోలవరం. నెల్లూరు నుంచి మద్రాసు పోయే రోడ్డులో, పాత యుద్ధకాలం ఎయిర్‌స్ట్రిప్పు. అక్కడికి మన వైపు నుంచి కూడా జనం పొయ్యేవాళ్ళు, ఎండలో టవల్ కప్పుకుని నిలబడి చూసేవాళ్ళు. 1990లో ఇప్పుడు మీరు పొయ్యే ట్రాక్ వచ్చింది. ఆ కోయంబత్తూరు ట్రాక్‌కు కరి అనే పేరు కరివర్ధన్ అనే ఆయనది. మారుతి 800 ఇంజన్ పెట్టి ఫార్ములా మారుతి అని రేసు బండి చేసింది ఆయనే. 2005లో ఫార్ములా వన్ దాకా పోయిన నరేన్ కార్తికేయన్ కూడా ఆ బండ్లతోనే మొదలుపెట్టినాడు. కాబట్టి 1300 ఇంజన్ తక్కువనుకోవద్దు అబ్బీ.

సీమ_ఎస్టీమ్ (కడప)
అయిపోయింది! నిన్న రాత్రి వచ్చాం, ఒళ్ళంతా నొప్పులు, మెడ తిరగడం లేదు. వరసగా రాస్తా, పొడుగైతే తిట్టుకోవద్దు.
ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి ముందు రోజే బయల్దేరాం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కట్టించుకున్నాం, డిపో పెద్దాయన చెప్పింది గుర్తొచ్చి తిరుగు ప్రయాణంలో ఘాటు దిగుతున్నంత సేపూ మా లారీ డ్రైవర్ కాలే చూస్తూ కూర్చున్నా. ఆయన రెండో గేరులో వేసి బీడీ కాల్చుకుంటూ దించాడు.
పొద్దున బండ్ల తనిఖీ. చెక్ చేసే ఆయన నేరుగా బెల్టు లేబుల్ తిప్పి చూశాడు, తర్వాత బ్యాటరీని చేత్తో ఊపాడు, తర్వాత ఫైర్ సిలిండర్ గేజీ. మా వెనకున్న కొత్త కారాయన డ్రైవర్ సీటు కింద నుంచి వాటర్ బాటిల్ దొర్లుకుంటూ వచ్చింది, అది పెడల్ కిందకు పోతే ఏమవుతుందో అందరికీ అక్కడే క్లాసు పీకారు. మా బండిలో రెండో సీటు లేదు కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ తన బండిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని రౌండ్లు తిప్పాడు. మెయిన్ స్ట్రెయిట్ చివర సి1 అనే మొదటి మలుపు దగ్గర ఆయన బ్రేక్ తొక్కే లోపల నా కాలు ఉత్త నేలను రెండుసార్లు తొక్కింది. ప్రతి మలుపుకీ మూడు కోన్లు పెట్టారు: బ్రేక్ దగ్గర ఒకటి, తిప్పే చోట ఒకటి, లోపలి అంచు దగ్గర ఒకటి. ఆయన ఒకటే మాట, "కోన్‌ను చూడొద్దు, తర్వాతి కోన్‌ను చూడు." కళ్ళు ఎటు పోతే చేతులు అటే పోతాయని వినడం వేరు, అక్కడ జరగడం వేరు.
మా సెషన్ 20 నిమిషాలు. లోపల ఏసీ లేదు, ఇంజన్ వేడి నేరుగా కాళ్ళ మీదికి, చెన్నై ఉక్క, హెల్మెట్ లోపల చెమట కంట్లోకి కారుతుంటే తుడుచుకునే దారి లేదు. రెండో సెషన్ నుంచి ముందే మజ్జిగ, ఓఆర్ఎస్ తాగి ఎక్కాం. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు 28 పెట్టాం, దిగేసరికి 33 చూపించింది. పక్క టెంట్ వాళ్ళు టైరు భుజం మీద సుద్దతో గీత గీయించారు, రౌండ్ కొట్టి వస్తే ఆ గీత ఎంతవరకు చెరిగిపోయిందో చూసి గాలి పెంచాలా దించాలా చెప్పొచ్చు. టైరు మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, దాని దాకా చెరిగితే సరి, దాన్ని దాటి పోతే గాలి తక్కువైనట్టు.
మధ్యాహ్నం నాకు నలుపు మీద నారింజ జెండా పడింది. ఆ సమయానికి బండి బ్రహ్మాండంగా పోతోంది. నల్లమల అక్క రాసింది చదవకపోయుంటే వేరే వాళ్ళకేమో అనుకుని ఇంకో రౌండ్ వేసేవాణ్ణి. పిట్‌లోకి వచ్చి చూస్తే ముందు బంపర్ ఎడమ మూల క్లిప్పు ఊడి టైరుకు రెండు వేళ్ళ దూరంలో ఊగుతోంది. నాలుగు కేబుల్ టైలు వేసి బిగించి మళ్ళీ పంపారు.
మా బావమరిది నాకంటే ధైర్యవంతుడు, ఒక మలుపులో వెనక భాగం కదిలింది. గేర్‌బాక్స్ అన్న మాట గుర్తుందంట, కాలు తీయకుండా కొంచెం నొక్కిపెట్టి లాక్కొచ్చాడు. చివరి సెషన్‌లో నాకు తెలిసింది ఏందంటే, బ్రేక్ కొంచెం ముందే కొట్టి మెల్లగా లోపలికి పోయి, లోపలి కోన్ దాటకముందే యాక్సిలరేటర్ ఇచ్చిన రౌండ్లలోనే స్ట్రెయిట్ మీద ఎక్కువ స్పీడ్ వచ్చింది. ఆలస్యంగా బ్రేక్ కొట్టి హీరోలా దూరిన రౌండ్లలో బయటికొచ్చేటప్పుడు బండి ఈదుకుంటూ వచ్చింది. పెద్ద కార్లు మమ్మల్ని స్ట్రెయిట్ మీద దాటి పోయాయి, మేం చేయి బయటికి పెట్టి ఏ పక్క నుంచి పోవాలో చూపించాం. ఒక పెద్ద ఎస్‌యూవీ బ్రేకులు పొగలొచ్చి మధ్యాహ్నమే ప్యాక్ చేసుకుంది. మా బ్రేక్ పెడల్ సాయంత్రం దాకా గట్టిగానే ఉంది.

గేర్‌బాక్స్_కర్నూలు
ఆ చివరి సెషన్ ఒక్కదానికే డబ్బులు వసూలు. వచ్చేసారి రేసుకు దిగాలనుకుంటే ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ రేసుల సంస్థ) లైసెన్స్ కావాలి, తొందర పడకుండా ఇంకొన్ని ట్రాక్ డేలు అయ్యాక చూడు. ఇప్పుడు ప్యాడ్లు తీసి మందం కొలువు, సగం అయిపోయుంటాయి.

అనంత_బుల్లెట్
అన్నా చదువుతుంటేనే చేతులు దురదపెడుతున్నాయి. నా పోలో తీసుకొస్తా, నెక్స్ట్ టైం నన్ను కూడా కలుపుకోండి. ఎన్‌హెచ్ 44 మాట మర్చిపోండి ప్లీజ్.

పాలసీ_బాబు
లోన్ ఎంత మిగిలింది ముందు అది చెప్పు.

అనంత_బుల్లెట్
అయిపోయింది బాబూ, పోయిన ఏడాదే.

సీమ_ఎస్టీమ్ (కడప)
రా బ్రో. నీది కాగితాలున్న బండి, రోడ్డు మీద తోలుకునే రావచ్చు. అయితే అదే బండిలో తిరిగి ఇంటికి కూడా రావాలి కాబట్టి ఒక సెట్ ప్యాడ్లు, ఇంజన్ ఆయిల్ డబ్బా డిక్కీలో వేసుకుని రా. తేదీ తెలియగానే ఇక్కడే పెడతా.

మెకానిక్_అనంత
బుల్లెట్టూ, పోయే వారం ముందు బండి షెడ్డుకు తీసుకురా, బ్రేక్ ఆయిల్ మార్చి పంపిస్తా. ఆదివారం రావద్దు, ఉండను.